మధుమేహమూ కుంగుబాటూ: ఒకదాన్ని విడిచి మరొకదానికి వైద్యం ఎందుకు సరిపోదు

హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెబుతుంది. చాలామంది రోగులకు ఆ అంకె 7 దగ్గర ఉంటే మేలని వైద్యులు అంటారు. అది 9 దాటి వచ్చిన రోజున మన ఆస్పత్రుల్లో జరిగేది ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. అన్నం తగ్గించారా, నడుస్తున్నారా, మాత్రలు వేళకు వేసుకుంటున్నారా అని డాక్టరు అడుగుతారు. రోగి తల వంచుకుని ఏదో ఒకటి చెబుతారు. చీటీ మీద ఒక మాత్ర పెరుగుతుంది, లేదంటే ఇన్సులిన్ మొదలవుతుంది. బయట బెంచీల నిండా జనం కూర్చుని ఉండగా ఆ డాక్టరును తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా ఆ మూడు నెలలూ ఆ మనిషి రాత్రిళ్లు నిద్రపోయారా, రోజూ చేసుకునే పని మీద మనసు నిలిచిందా, ఇంట్లో ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడారా అని ఎవరూ అడగకపోవడం వల్ల, పెంచిన మాత్ర కూడా ఫలితం ఇవ్వకుండా పోయే సందర్భాలు చాలా ఉంటాయి.

మనసుకూ శరీరానికీ సంబంధం ఉందన్న మాటను కాదనేవారు ఉండరు. కానీ అంత స్థూలంగా చెబితే అది ఎవరికీ అక్కరకు రాదు. ఏ జబ్బుకు ఏ బాధతో సంబంధం, అది ఏ దారిలో నడుస్తుంది, ఎంత బలమైనది అని అడిగినప్పుడే విషయం తేలుతుంది. అందుకే ఇక్కడ ప్రధానంగా ఒక్క జంటనే తీసుకుంటున్నాను: టైప్ 2 మధుమేహం, కుంగుబాటు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువరించిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. ఆ అంచుకు చేరినవారు మరో 13.6 కోట్ల మంది. మధుమేహం ఉన్నవారిలో కుంగుబాటు కనిపించే అవకాశం, లేనివారితో పోలిస్తే సుమారు రెట్టింపు అని అంతకుముందు అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2001 నాటి విశ్లేషణ తేల్చింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే మన ఊళ్లలో, మన ఇళ్లలో ఎంతమంది ఈ రెండు బరువులనూ ఒకేసారి మోస్తున్నారో ఊహించుకోవచ్చు.

ఇక్కడ కుంగుబాటు అంటే ఒక రోజు బాధగా ఉండటం కాదు. కనీసం రెండు వారాల పాటు, రోజులో ఎక్కువ భాగం, మనసు దిగులుగా ఉండటమో, ఇంతకుముందు ఇష్టపడి చేసిన వాటి మీద ఆసక్తి పోవడమో జరగాలి. దానితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తన మీద తనకు విలువ లేకపోవడం వంటివి ఉండాలి.

ఈ రెండింటిలో ఏది ముందు? పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు థామస్ విల్లిస్ దీర్ఘకాలపు దుఃఖం మధుమేహానికి కారణమవుతుందని రాశాడు. ఆయన దగ్గర దానికి తగిన లెక్కలు లేవు. లెక్కలు సమకూరాక తేలినదేమిటంటే దారి రెండు వైపులా ఉంది గాని రెండు వైపులా ఒకేలా లేదు. ఏళ్ల తరబడి మనుషులను గమనిస్తూ వెళ్లిన అధ్యయనాలను 2008లో ఒకచోట చేర్చి చూస్తే, కుంగుబాటు ఉన్నవారికి తరవాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు సుమారు 60 శాతం ఎక్కువగా కనిపించింది. మధుమేహం ఉన్నవారికి తరవాత కుంగుబాటు వచ్చే ముప్పు మాత్రం సుమారు 15 శాతమే ఎక్కువ. షుగర్ వచ్చాక మనిషి దిగులు పడటం సహజమని మనం సులువుగా ఒప్పుకుంటాం. దానికంటే బలమైన దారి కుంగుబాటు నుంచి మధుమేహం వైపు ఉందన్న సంగతి మన ఆలోచనలోకి ఇంకా రాలేదు.

రెండో దారిలోనూ, అంటే మధుమేహం నుంచి కుంగుబాటుకు వెళ్లేదానిలోనూ, ఒక చిక్కుముడి ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువ ఉండటమే నేరుగా మెదడు మీద పనిచేసి కుంగుబాటు తెస్తుందనుకుంటే, జబ్బు ఉన్నట్టు తెలియనివారిలోనూ అది అంతే కనిపించాలి. నెదర్లాండ్స్‌లో 2007లో, అమెరికాలో 2008లో వెలువడిన రెండు వేర్వేరు అధ్యయనాలు దీన్ని పరీక్షించాయి. జబ్బు బయటపడి, చికిత్సలో ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా ఉన్నాయి. చక్కెర అంతే ఎక్కువగా ఉన్నా ఆ సంగతి తెలియకుండానో, చికిత్స లేకుండానో బతుకుతున్నవారిలో ఆ పెరుగుదల లేదు. అంటే బరువులో చాలా భాగం చక్కెరది కాదు, జబ్బుతో బతకడానిది: రోజూ లెక్కలు, పథ్యం, ఖర్చు, కళ్లూ కాళ్లూ పోతాయేమోనన్న భయం, పెళ్లి భోజనాల దగ్గర పదిమందిలో వినిపించే హితబోధ. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో వైద్యులు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన ఫలితం ఇదే. జబ్బు పేరు చెప్పిన రోజునుంచే రోగి మీద కొత్త బరువు పడుతుంది. ఆ బరువు మందుల చీటీలో ఎక్కడా కనిపించదు.

ఇక మొదటి దారి సంగతి. మనసులోని బాధ రక్తంలోని చక్కెరగా ఎలా మారుతుంది? ఆపద ఎదురైనప్పుడు మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. అది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు చేరవేస్తుంది. అవి కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. కార్టిసాల్ కాలేయం చేత కొత్తగా గ్లూకోజ్ తయారు చేయిస్తుంది, కండరాలూ కొవ్వు కణాలూ ఇన్సులిన్ మాట వినకుండా చేస్తుంది. పరిగెత్తి ప్రాణం కాపాడుకోవలసిన క్షణంలో ఇది మంచి ఏర్పాటు. అదే ఏర్పాటు అప్పుల గురించో, కొడుకు ఉద్యోగం గురించో, విడిపోయిన కాపురం గురించో నెలల తరబడి నడుస్తూ ఉంటే ఆ గ్లూకోజ్ ఖర్చయ్యే దారి ఉండదు. ఏమీ తినకపోయినా, గొడవ జరిగిన మర్నాడు పొద్దున షుగర్ పెరిగిందని రోగులు చెప్పే మాటను కొట్టిపారేయనక్కరలేదు. మామూలుగా కార్టిసాల్ తెల్లవారే వేళకు పెరిగి, రాత్రికి బాగా తగ్గుతుంది. తీవ్రమైన కుంగుబాటు ఉన్న చాలామందిలో ఈ ఎగుడుదిగుడు చెదిరిపోయి, తగ్గవలసిన వేళ కూడా తగ్గకుండా ఉంటుంది.

నిద్ర మరో దారి. 1999లో షికాగో పరిశోధకులు ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి పరీక్షిస్తే, వారి శరీరం గ్లూకోజ్‌ను సర్దుకునే శక్తి స్పష్టంగా మందగించింది. ఆరు రాత్రులకే అలా అయితే, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడని రాత్రులు ఏడాది పొడుగునా గడిపేవారి సంగతి వేరే చెప్పాలా? మూడోది వాపు ప్రక్రియ. గాయం తగిలినప్పుడు, సూక్ష్మజీవులు సోకినప్పుడు శరీరం విడుదల చేసే రసాయనాలు కుంగుబాటు ఉన్నవారిలో ఒక భాగం మందిలో ఏ గాయమూ లేకుండానే కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. ఇన్సులిన్ పనిని అడ్డుకునేవాటిలో అవీ ఉన్నాయి. ఈ రసాయనాలకు మనసును కుంగదీసే శక్తి ఉందనడానికి గట్టి ఆధారం ఒక మందు నుంచే దొరికింది. హెపటైటిస్ సి జబ్బుకు ఒకప్పుడు ఆ రసాయనాల కోవకే చెందిన ఇంటర్‌ఫెరాన్‌ను సూదిమందుగా ఇచ్చేవారు. అంతకుముందు మనసుకు ఏ ఇబ్బందీ లేనివారిలో కూడా చాలామందికి ఆ చికిత్స మధ్యలో కుంగుబాటు వచ్చేది.

ఇంత చెప్పాక, ఈ రసాయనాల కథ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, ముప్పులో పెద్ద భాగం మామూలు దినచర్య గుండానే వస్తుందని నా అభిప్రాయం. పైన చెప్పిన అమెరికా అధ్యయనంలో కూడా కుంగుబాటుకూ తరవాతి మధుమేహానికీ ఉన్న సంబంధంలో కొంత భాగానికి తిండి, వ్యాయామం, పొగతాగడం వంటి అలవాట్లే కారణమని తేలింది. ఏ జబ్బుకైనా కుంగుబాటు తోడైతే వైద్య సలహా పాటించకపోయే అవకాశం మూడు రెట్లు ఉంటుందని 2000లో వెలువడిన మరో విశ్లేషణ చెప్పింది. ఆ మూడు రెట్లు అన్న మాట ఇంట్లో ఎలా ఉంటుందో చూద్దాం. యాభై దాటిన ఒక గృహిణి అనుకుందాం. పిల్లలు దూరాన ఉన్నారు. భర్త పోయి ఏడాదైంది. తెల్లవారకముందే మెలకువ వస్తుంది, కానీ లేవబుద్ధి కాదు. తొమ్మిదింటికి లేచేసరికి టిఫిన్‌కు ముందు వేసుకోవలసిన మాత్ర వేళ తప్పుతుంది. ఒక్క మనిషికి వండుకోవడమెందుకని నిన్నటి అన్నంలో పచ్చడి కలుపుకుని పదకొండింటికి తింటుంది. కూర ఉండదు, పప్పు ఉండదు. సాయంత్రం పక్కింటావిడ గుడిదాకా నడుద్దాం రమ్మంటే ఒంట్లో బాగాలేదంటుంది. రాత్రి ఆకలి లేదని మానేసి, పదింటికి నీరసంగా ఉందని నాలుగు బిస్కెట్లు, చక్కెర వేసిన టీ తీసుకుంటుంది. గ్లూకోమీటరు అల్మరాలోనే ఉంటుంది. చూసుకుంటే ఎక్కువే వస్తుందని తెలుసు గనుక తీయదు. ఇందులో ఏ ఒక్కటీ నిర్లక్ష్యం కాదు, మొండితనం అసలే కాదు. కుంగుబాటు మనిషిలో మొదట తినేసేది రేపటి కోసం ఈ రోజు కష్టపడే శక్తిని. మధుమేహ చికిత్స మొత్తం నిలబడేది ఆ శక్తి మీదే. ‘మీరు అసలు శ్రద్ధ పెట్టడం లేదు’ అన్న డాక్టరు మాట ఆమె అప్పటికే తనను తాను అనుకుంటున్న మాట. అది విన్నాక ఆమె చేసేది తరవాతి సారి ఆస్పత్రికి రాకపోవడం.

ఆమె డాక్టరు దగ్గర ఏమంటుంది? ‘మనసు బాగాలేదండీ’ అనదు. నీరసం, ఒళ్లునొప్పులు, గుండెదడ, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, తలంతా బరువు, కడుపులో గ్యాస్ అంటుంది. మన దగ్గర బాధ శరీరం పేరుతోనే ఆస్పత్రి గడప తొక్కుతుంది. ఒంటినొప్పి చెప్పుకోవడంలో పరువు పోదు, మనోవ్యథ చెప్పుకుంటే పోతుందన్న భయం ఉంది. అయితే ఈ లక్షణాలను విని ‘ఇదంతా మనసులోనే ఉంది’ అని తేల్చేయడం అంతే పెద్ద తప్పు. అరికాళ్ల మంటలు మధుమేహం వల్ల నరాలు దెబ్బతినడంతోనూ వస్తాయి. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది. అది తగ్గితే తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు, దిగులు కూడా రావచ్చు, అంటే ఒక్క లోపమే నరాల జబ్బులాగానూ కుంగుబాటులాగానూ కనిపిస్తుంది. థైరాయిడ్ మందగించినా అంతే. రక్తహీనత సంగతి చెప్పనక్కరలేదు. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే అది హఠాత్తుగా వచ్చిన ఆందోళన కావచ్చు, చక్కెర 70 కంటే కిందికి పడిపోవడం కావచ్చు. ఆ నిమిషంలో వేలి కొసన చుక్క రక్తం తీసి చూస్తే తప్ప రోగికైనా తేడా తెలియదు. ఒకసారి అలా పడిపోయి భయపడినవారు ఆ తరవాత భయంతోనే ఎక్కువ తింటారు, ఇన్సులిన్ తగ్గించి వేసుకుంటారు. ఈ సందర్భంలో భయమూ చక్కెరా ఒకదాన్నొకటి నడిపిస్తాయి. కనుక కుంగుబాటు అనుకునే ముందు బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడటం, అవి బాగున్నాయని తేలాక అక్కడితో వదిలేయకుండా మనసు గురించి అడగడం, రెండూ కావాలి.

అడగడానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు వచ్చిందన్న దాన్ని బట్టి సున్నా నుంచి మూడు దాకా వేస్తారు, మొత్తం 27. పది, అంతకు పైన వస్తే వివరంగా చూడాలని అర్థం. తెలుగులోనూ ఉంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. చిక్కేమిటంటే ఆ తొమ్మిదిలో నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత అన్నవి అదుపులో లేని షుగర్ వల్ల కూడా చెడతాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే మనిషికి నిద్ర ఎలా ఉంటుంది? అందువల్ల మొత్తం అంకెతో పాటు మొదటి రెండు ప్రశ్నల జవాబులను, అంటే ఆసక్తి పోవడం, దిగులుగా ఉండటం అన్నవాటిని, అనుభవజ్ఞులు ప్రత్యేకంగా గమనిస్తారు.

కుంగుబాటు కాని మరో స్థితి కూడా ఉంది, దాన్ని విడిగా గుర్తించడం అవసరం. మిగతా జీవితంలో నవ్వుతూ, పని చేసుకుంటూ ఉండి, షుగర్ విషయం వచ్చేసరికి మాత్రం విసిగి వేసారిపోయేవారు ఉంటారు. ‘ఎంత చేసినా అంకె తగ్గదు, ఇక నావల్ల కాదు’ అన్నది వారి మాట. అమెరికా మనస్తత్వవేత్త విలియం పొలోన్‌స్కీ, ఆయన సహచరులు 1995లో దీన్ని కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక తయారు చేశారు. దీనికి కుంగుబాటు మాత్రలు వాడితే ప్రయోజనం తక్కువ. చికిత్సనే తేలిక చేయడం, రోజుకు నాలుగు పూటల మందులను రెండు పూటలకు కుదించడం, చిన్న లక్ష్యం పెట్టడం, తిట్టకుండా వినడం పనిచేస్తాయి.

ఇక అసలు ప్రశ్న. కుంగుబాటు తగ్గిస్తే షుగర్ దానంతట అదే తగ్గుతుందా? తగ్గుతుందని ఆశించడం సహజం. 2004లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 329 మంది మధుమేహ రోగులతో జరిగిన పరీక్షలో కుంగుబాటుకు మంచి చికిత్స ఇచ్చారు, అది తగ్గింది. హెచ్‌బీఏ1సీ మాత్రం కదలలేదు. మనసు కుదుటపడినంత మాత్రాన పాత మందుల మోతాదు, పాత తిండి వాటంతట అవి మారవు గదా. ఆ బృందమే పాఠం నేర్చుకుని 2010లో మరో పద్ధతితో ముందుకొచ్చింది. 214 మంది రోగులతో జరిగిన ఆ పరీక్షలో సుమారు సగం మందికి నర్సు ద్వారా కుంగుబాటునూ షుగర్‌నూ బీపీనీ కొలెస్ట్రాల్‌నూ ఒకే పథకం కింద వెంటపడి చూశారు. అనుకున్నట్టు తగ్గకపోతే మందులను అప్పటికప్పుడు సవరించారు. ఈసారి అన్నీ మెరుగుపడ్డాయి. ఈ రెండు పరీక్షల మధ్య ఉన్న తేడాలోనే విషయమంతా ఉంది: మనసుకు మాత్రమే వైద్యం చేస్తే శరీరం ఉన్నచోటే ఉంది, రెండింటినీ ఒకే చేతి కిందికి తెచ్చినప్పుడు రెండూ కదిలాయి.

అమెరికాలో జరిగింది మన దగ్గర జరుగుతుందా అన్న సందేహానికి జవాబు మన విశాఖపట్నంలోనే ఒక భాగం దొరికింది. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, విశాఖపట్నంలోని నాలుగు మధుమేహ చికిత్సాలయాల్లో, షుగర్ అదుపులో లేక కుంగుబాటు లక్షణాలు కూడా ఉన్న 404 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. డాక్టర్లు కాని సమన్వయకర్తలకు శిక్షణ ఇచ్చి రోగులతో తరచుగా మాట్లాడే పని అప్పగించారు; మానసిక వైద్యులూ మధుమేహ నిపుణులూ రోగిని ప్రతిసారీ స్వయంగా చూడకుండా, సమన్వయకర్త తెచ్చిన వివరాలను కలిసి సమీక్షించి సలహా ఇచ్చారు; కంప్యూటరు ఏ రోగికి ఏది సవరించాలో గుర్తుచేసేది. కుంగుబాటు లక్షణాలు కనీసం సగానికి తగ్గి, దానితోపాటు షుగర్, బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్‌లో ఏదో ఒకటైనా చెప్పుకోదగినంత తగ్గినవారు రెండేళ్ల తరవాత ఈ పద్ధతిలో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం. అద్భుతమనదగ్గ తేడా కాకపోవచ్చు. కానీ నూరు మందిలో మరో పద్నాలుగు మంది కోలుకోవడానికి కొత్త మందు అవసరం లేకపోయింది. ఉన్న మందులను, ఉన్న మనుషులను కలిపి నడిపే ఒక మనిషి సరిపోయారు. మానసిక వైద్యులు అతి తక్కువగా ఉన్న మన జిల్లాలకు ఈ పద్ధతిలోని విలువ అది.

మందుల విషయంలో ఒక సంగతి చెప్పాలి. నరాల మంటలకు తరచుగా రాసే అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ మొదట కుంగుబాటుకు వచ్చిన మందులే. ఎవరో ‘ఇది పిచ్చి మాత్ర’ అన్నారని వాటిని ఒక్కసారిగా మానేసేవారు ఉన్నారు. ఏ మాత్ర ఎందుకు రాశారో రాసిన రోజే చెబితే ఆ బెడద ఉండదు. అమిట్రిప్టిలిన్, మిర్టజాపిన్ వంటివి బరువు పెంచవచ్చు గనుక షుగర్ ఉన్నవారికి ఏ మందు నప్పుతుందన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసిందే. స్వయంగా మానడం, మార్చడం పనికిరాదు.

తీవ్ర మానసిక వ్యాధులున్నవారి పరిస్థితి ఇంకా బాధాకరం. వారు మిగతావారికంటే 10 నుంచి 20 ఏళ్ల ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మరణాల్లో ఎక్కువ భాగం గుండెజబ్బులు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బుల వంటి శరీర వ్యాధుల వల్లే. ఈ మానసిక వ్యాధులకు ఇచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు ఎంతో అవసరమైనవే, కానీ బరువునూ చక్కెరనూ పెంచుతాయి. ఆ మందులు మొదలుపెట్టే ముందూ తరవాతా నడుము చుట్టుకొలత, బీపీ, షుగర్, కొవ్వు చూడాలి. రోగి ఛాతీలో నొప్పి అంటే దాన్ని కూడా పిచ్చిలో భాగంగా లెక్కగట్టే అలవాటు ప్రాణాలు తీస్తోంది.

ప్రభుత్వ వ్యవస్థలో ఒక మంచి ఆరంభం ఇప్పటికే ఉంది. ముప్పై ఏళ్లు దాటినవారికి షుగర్, బీపీ, క్యాన్సర్ ముప్పు తెలుసుకోవడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నింపే పత్రంలో ఆ రెండు ప్రశ్నలూ, ఆసక్తి గురించీ దిగులు గురించీ, చేర్చారు. వాటిని గబగబా ‘లేదు’ అని టిక్కు పెట్టించుకోకుండా, అత్తగారో భర్తో పక్కన లేనప్పుడు అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. ఆస్పత్రికి వెళ్లేవారు తమంతట తామే ‘రెండు నెలలుగా నిద్ర లేదు, దేనిమీదా మనసు పోవడం లేదు, అందుకే మాత్రలు తప్పుతున్నాయి’ అని ఒక వాక్యం చెప్పగలిగితే డాక్టరు ఆలోచన మారుతుంది. వెంట వెళ్లే కొడుకో కూతురో ‘అమ్మ చెప్పిన మాట వినదు డాక్టరుగారూ’ అనే బదులు ఆ వాక్యం చెప్పవచ్చు.

తొమ్మిది ప్రశ్నల్లో చివరిది చనిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక మరే జవాబు వచ్చినా మిగతా ఎనిమిదింటి మొత్తం చూడనక్కరలేదు. ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఇన్సులిన్, మాత్రలు ఇంట్లో మరొకరి చేతిలో ఉండాలి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనూ అందుబాటులో ఉంది. రోగే కాదు, వారి గురించి దిగులు పడుతున్న ఇంటివారు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.